మరల పిలిపించిన వైద్యుడు: డాక్టరు థియోడోర్ కోకరు జీవితము

భక్తుల జీవితములను గూర్చి ఈ పుటలలో వ్రాయునప్పుడు మేము తరచుగా పాదిరులను, మిషనరీలను, సువార్తికులనే ఎన్నుకొనుట కద్దు. ఈ మాసము ఒక శస్త్రవైద్యుని గూర్చి వ్రాయుచున్నాము. ఆయన పేరు మీలో అనేకులు విని యుండకపోవచ్చును. అయితే మీ సంఘములో నర్సు పని చేయు అక్కచెల్లెండ్ర నెవరినైనను అడిగి చూడుడి. ఆపరేషను గదిలో రక్తనాళమును పట్టి బిగించుటకు, కొనను పండ్లు గల ఒక ఉక్కు పట్టుకారు కలదు. దానిని వారు కోకర్సు అని పిలుతురు. ఆ పట్టుకారును చేయించినవాడే మేము చెప్పబోవు థియోడోర్ కోకరు.

ఆయన స్విట్జర్లాండు దేశమందలి బెర్ను పట్టణములో 1841వ సంవత్సరము ఆగస్టు 25న జన్మించెను. తండ్రి ఇంజనీరు. తల్లి మొరేవియను సహోదర సంఘమునకు చెందిన భక్తురాలు. ఈ మొరేవియనులు మనకు బొత్తిగా తెలియనివారు కారు. జర్మనీలోని హెర్నుహూతు అను చిన్న ఊరిలో జింజెండార్ఫు ప్రభువు ఆశ్రయమిచ్చిన ఆ బీదజనులే లోకమంతటికి మిషనరీలను పంపిరి. 1760లో మన దక్షిణదేశమందలి తరంగంబాడికి కూడ వారు వచ్చిరి. దినమునకొక వాక్యము చొప్పున ఏర్పరచి 1731 మొదలు ఏటేట పుస్తకముగా అచ్చు వేయుచున్నవారును వారే. అట్టి తల్లి ఒడిలో పెరిగిన కోకరుగారు కడవరకు ఆ విశ్వాసమును విడువలేదు. తన పనిలో మేలు కలిగినను కీడు కలిగినను దానిని దేవుని చేతిలో పెట్టుట ఆయన అలవాటు. శాస్త్రజ్ఞులలో దేవుడు లేడను భావము ప్రబలుచున్న దినములలో దానిని చూచి ఆయన మిక్కిలి దుఃఖించెను.

ఆయన బెర్నులోనే వైద్యము చదివి, పిమ్మట బెర్లిను, లండను, పారిసు పట్టణములకు పోయి ఆ కాలమందలి గొప్ప శస్త్రవైద్యుల పని కన్నులార చూచి తిరిగి వచ్చెను. 1869లో వివాహమాడెను. ముగ్గురు కుమారులు కలిగిరి. వారిలో పెద్దవాడు ఆల్బర్టు తండ్రివలెనే శస్త్రవైద్యుడై ఆయన యొద్దనే సహాయకుడాయెను. 1872లో బెర్ను యూనివర్సిటీలో శస్త్రవైద్యాచార్యుని పదవి ఖాళీ కాగా, అచ్చటి పెద్దలు జర్మను దేశస్థు డొకనిని తేదలచిరి. అయితే విద్యార్థులును వైద్యులును కలిసి కోకరుగారినే నియమింపవలెనని అర్జీ పెట్టుకొనిరి. ప్రభుత్వము వారి మొర నాలకించెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పది యేండ్లే. అది మొదలు నలుబది యైదేండ్లు ఆయన ఆ స్థానమును విడువలేదు. ప్రాగు మొదలైన పెద్ద పట్టణముల నుండి పిలుపులు వచ్చినను పోలేదు.

ఆ దేశమును గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పవలసి యున్నది. స్విట్జర్లాండు మంచుకొండల దేశము. ఆ దినములలో అచ్చటి లోయలలో ఏ ఊరికి పోయినను మెడ ముందర గడ్డ వ్రేలాడుచున్న స్త్రీపురుషులు కనబడుచుండిరి. దానిని మనము గళగండ మనియు, గాయిటరనియు అందుము. గొంతుముడి క్రింద సీతాకోకచిలుక రెక్కలవలె ఒక గ్రంథి గాలిగొట్టము నంటి యున్నది. దాని పేరు థైరాయిడు. అయొడిను అను పదార్థము ఆహారములో చాలనప్పుడు ఆ గ్రంథి ఎంత శ్రమపడినను తన పని చేయలేక ఉబ్బిపోవును. మంచును వానలును వేలయేండ్లుగా ఆ కొండ నేలలోని అయొడినును కడిగివేసినందున అక్కడి పంటలోను నీటిలోను అది లేకపోయెను. గడ్డ పెరిగిన కొలది గాలిగొట్టమును నొక్కును. కొందరు నిద్రలోనే ఊపిరాడక చనిపోవుచుండిరి. అంతకన్న ఘోరమేమనగా, తల్లికి అయొడిను కరవైనచోట పుట్టిన బిడ్డలలో కొందరు పొట్టివారుగాను, చెవిటివారుగాను, బుద్ధి ఎదగనివారుగాను ఉండిపోవుచుండిరి.

కత్తితో ఆ గడ్డను తీయవచ్చును గదా అని మీరడుగవచ్చును. కాని తీయుటకు వైద్యులు భయపడిరి. ఆ గ్రంథికి వచ్చునంత రక్తము శరీరములో మరి కొద్ది అవయవములకే వచ్చును. కోత పెట్టగానే రక్తము పొంగును. వైద్యుని కంటికి ఏమియు కనబడదు. ప్రక్కనే స్వరమునకు సంబంధించిన నరమున్నది. అది తెగినయెడల రోగి మాట పోవును. ఇవన్నియు తప్పించుకొనినను పుండు చీము పట్టి చచ్చుచుండిరి. పందొమ్మిదవ శతాబ్దపు మొదటి భాగములో ఈ ఆపరేషను చేయించుకొనిన నూరు మందిలో దాదాపు నలుబది మంది మరణించిరి. ఫ్రాన్సు దేశపు వైద్య పరిషత్తు 1850లో దీనిని ఖండించెను.

కోకరుగారు ఈ పనికి పూనుకొనిన విధము గమనింపదగినది. ఆ కాలములో మంచి శస్త్రవైద్యుడనగా వేగముగా కోయువాడు. ఈయన అట్లు కాదు. మెల్లగా, ఓపికగా, ఒక్కొక్క రక్తనాళమును వెదకి, పట్టి, కట్టి, ఆ తరువాతనే కోసెడివాడు. రక్తము చుక్కలుగా తప్ప కారనిచ్చెడివాడు కాడు. లిస్టరుగారు నేర్పిన ప్రకారము కార్బాలికు మందుతో శుద్ధి చేయు పద్ధతిని ఆదిలోనే అవలంబించెను. పూర్తిగా మత్తు ఇచ్చుటకు మారుగా మెడకు మాత్రము తిమ్మిరి మందు వేయుటయే ఆయన కిష్టము. ఏలయనగా రోగి మెలకువగా నుండి మాటలాడుచుండిన యెడల, స్వరపు నరము జోలికి పోయినప్పుడు గొంతు మారుట వెంటనే తెలియును. మెడ మడతను అనుసరించి, కంటెవలె అడ్డముగా కోత పెట్టెడివాడు. మాని పోయిన తరువాత ఆ మచ్చ కంటికి సరిగా ఆనదు. ఆయన చేసిన మొదటి నూట యొక్క ఆపరేషనులలో 13 మంది మరణించిరి. మునుపటి లెక్కలతో పోల్చిన యెడల ఇది గొప్ప మార్పు. ఆయన కీర్తి దేశదేశములకు ప్రాకెను. తన చేతి నేర్పువలన గ్రంథిని వేరుతో సహా శుభ్రముగా తీసివేయగలుగుచున్నానని ఆయన ఎంచుకొనెను. శేషము విడిచిన యెడల గడ్డ మరల పెరుగును గనుక అంతయు తీసివేయుటే మేలని ఎవరికైనను తోచును.

ఇప్పుడు మేము చెప్పదలచిన ముఖ్యసంగతికి వచ్చితిమి.

1874 జనవరిలో పదునొకండేండ్ల బాలిక యొకతె కోకరుగారి యొద్దకు వచ్చెను. ఆమె గ్రంథి నంతటిని ఆయన తీసివేసెను. పుండు చక్కగా మానెను. బాలిక ఇంటికి పోయెను. కొంతకాలమునకు ఆమెను పంపిన ఊరి వైద్యుడు, ఆ పిల్ల మునుపటివలె లేదనియు, మందబుద్ధి గలదాయెననియు కోకరుగారికి తెలియజేసెను. చురుకైన పిల్ల, సణుగుచు మూలనుండు పిల్లగా మారిపోయెనట. ఆమెను చూడవలెనని కోకరుగారు తలంచెను గాని అది కుదురలేదు. ఏండ్లు గడచిపోయెను. పని పెరిగెను. ప్రతి దినము క్రొత్త రోగులు వాకిట నిలిచిరి. పుండు మాని ఇంటికి పోయినవారు స్వస్థులైరనియే లోకమంతయు తలంచెను.

1882 సెప్టెంబరులో జెనీవా పట్టణములో రెవెర్డెను అను శస్త్రవైద్యుడు, గ్రంథి నంతటిని తీయించుకొనిన తన రోగులలో కొందరు నెలలు గడచిన తరువాత బలహీనులై, ముఖము ఉబ్బి, మాట మందగించి బాధపడుచున్నారని తోటివైద్యుల యెదుట చెప్పెను. ఆ సంగతి కోకరుగారితో కూడ ప్రస్తావించెను. వెంటనే కోకరుగారికి ఆ బాలిక జ్ఞప్తికి వచ్చి యుండవలెను.

ఆయన బెర్నుకు తిరిగి వచ్చి చేసిన పని యేమనగా, గళగండము తీయించుకొని వెళ్లిన తన పాత రోగులకు జాబులు వ్రాయించెను. 102 మందిలో 77 మంది జాడ తీయ ప్రయత్నించెను. కొండపల్లెల నుండి, దూరపు లోయల నుండి వారిని మరల ఆసుపత్రికి రప్పించెను. రోగి డబ్బు చెల్లించి, దండము పెట్టి వెళ్లిపోయిన తరువాత, ఏండ్లు గడచిన మీదట, అతనిని వెదకి పిలుచు వైద్యుడెవడు? ఆ రోజులలో అట్టి ఆచారమే లేకుండెను. పైగా కీర్తి గల వైద్యునికి ఇది తన గోడను తానే త్రవ్వుకొనుట వంటిది.

వారు వచ్చిరి. గ్రంథిలో కొంతభాగము మాత్రము తీయించుకొనినవారు ఆరోగ్యముగా నుండిరి. అంతయు తీయించుకొనినవారిలో 18 మందిని ఆయన స్వయముగా పరీక్షించెను. ఇద్దరు తప్ప తక్కిన పదునార్గురు చెడిపోయి యుండిరి. చర్మము మొద్దుబారి, జుట్టు రాలి, చేతులు చల్లబడి, నడక బరువెక్కి, అడిగిన మాటకు ఆలస్యముగా బదులు చెప్పుచు ఆయన యెదుట నిలిచిరి. ఆ బాలికయు వచ్చెను. ఆమెకొక చెల్లెలుండెను. చిన్ననాట ఇద్దరు ఒకే పోలిక గలవారై, చూచినవారు ఒకరిని చూచి మరియొకరనుకొనుచుండిరి. చెల్లెలు ఎదిగి చక్కని యువతియై యుండెను. అక్క పొట్టిదై, ముఖము వికారమై, బుద్ధి ఎదగక చిన్నపిల్లగానే మిగిలిపోయెను. ఇద్దరి నడుమ తేడా కోకరుగారి కత్తియే.

1883 ఏప్రిలులో బెర్లినులో జర్మను శస్త్రవైద్యుల మహాసభ కూడెను. ఐరోపాలోని పేరుపొందిన వైద్యులందరు ఎదుట కూర్చుండగా కోకరుగారు లేచి తన చేతి పనివలన కలిగిన ఈ కీడును ఒక్కొక్కటిగా, లెక్కలతో సహా, దాచక వివరించెను. ఆ అక్కచెల్లెండ్ర సంగతియు చెప్పెను. పుట్టకురుపు వంటి ప్రాణాపాయమైన వ్యాధి లేనప్పుడు గ్రంథి నంతటిని ఇక మీదట తీయనని తీర్మానించుకొనెను. ఆ మాట నిలుపుకొనెను.

మార్కు సువార్త 8వ అధ్యాయములో బేత్సయిదా గ్రుడ్డివాని వృత్తాంతమును మీరెరుగుదురు. సంఘములో దానిని చదువునప్పుడు, ప్రభువు రెండు మారులు చేతులుంచుట యేల అని కొందరు మమ్మును అడుగుచుందురు. ఆయనకు శక్తి చాలక కాదు. మొదటి మారు ముట్టిన పిదప ఆయన ఆ మనుష్యుని అడిగెను. వాడును ఉన్నదున్నట్లు చెప్పెను. మనుష్యులు చెట్లవలె అగపడుచుండిరి. ప్రభువు వానిని అట్లే పంపివేయలేదు. మేమెరిగినంతవరకు సువార్తలలో స్వస్థత పొందిన మనుష్యునికి ఏమి కనబడుచున్నదని ఆయన అడిగిన తావు అదొక్కటే. కోకరుగారు ఆ వాక్యమును తలంచెనో లేదో మేము చెప్పజాలము. కాని ఆయన చేసినది అదే: ఏమి కనబడుచున్నదని అడిగెను, వినుటకు కష్టమైన జవాబును వినెను.

ఇచ్చట ఒక సంగతి దాచరాదు. ఈ కీడును మొదట సభలో చెప్పినవాడు రెవెర్డెనుగారు. కోకరుగారి పేరు మాత్రము ఎక్కువగా వ్యాపించెను. దీనినిబట్టి వారి నడుమ మనస్తాపము కలిగెను. రెవెర్డెనుగారికి దక్కవలసిన ఘనత ఇంకను ధారాళముగా ఇచ్చి యుండవలసినదని మా అభిప్రాయము. భక్తులును మనుష్యులే. మరియు ఈ కీడు ఎందువలన కలిగెనో మొదట కోకరుగారికి సరిగా బోధపడలేదు. గాలిగొట్టమునకు దెబ్బ తగిలి ఊపిరి చాలకపోవుటయే కారణమని ఆయన తలంచెను. అది నిజము కాదు. థైరాయిడు గ్రంథి రక్తములోనికి ఒక రసమును విడుచుచున్నదనియు, ఎదుగుదలకును బుద్ధికిని శరీరపు వేడికిని అది కావలెననియు లోకము క్రమముగా తెలిసికొనెను. లండనులో హార్సిలీ అను వైద్యుడు కోతుల మీద పరిశోధన చేసి ఈ సంగతికి బలము కూర్చెను. 1888లో లండను వైద్యుల సంఘమొకటి విచారించి, గ్రంథి లేకపోవుటయే అన్నిటికి మూలమని తేల్చెను. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిలు పట్టణమున మర్రే అను వైద్యుడు గొఱ్ఱె థైరాయిడు నుండి తీసిన రసమును ఒక స్త్రీకి సూదిద్వారా ఎక్కించగా, ఆమె తేరుకొని ఇరువది యెనిమిదేండ్లు బ్రదికెను. నేడు అదే లోపము గలవారు ఉదయమున ఒక చిన్న మాత్ర వేసికొని తమ పనికి పోవుచున్నారు. ఆ మాత్ర వెనుక, బెర్నుకు తిరిగి నడచివచ్చిన ఆ పదునార్గురున్నారు.

కోకరుగారు తన తప్పును తెలిసికొనుటతో ఆగలేదు. 1883లోనే, గ్రంథిని పోగొట్టుకొనిన యొక రోగి శరీరములో వేరొకరి గ్రంథి ముక్కను నాటి చూచెను. ఒకరి అవయవమును మరియొకరికి అమర్చు చికిత్సకు అదియే నాంది అని వైద్య చరిత్రకారులు చెప్పుదురు. అది నిలువలేదు గాని త్రోవ తెరచెను.

మెడయే గాక తలను గూర్చియు ఆయన చాల పనిచేసెను. తలకు దెబ్బ తగిలినప్పుడు పుఱ్ఱెలోపల ఒత్తిడి పెరుగుటను గూర్చి ఆయన గ్రంథము వ్రాసెను. 1900లో హార్వీ కుషింగు అను యువ అమెరికను వైద్యుడు ఆయన యొద్ద నేర్చుకొన వచ్చెను. మెదడు మీద ఒత్తిడి హెచ్చినకొలది రక్తపోటు పెరిగి నాడి నెమ్మదించునని అతడు బెర్నులోనే కనుగొనెను. తరువాత మెదడు శస్త్రచికిత్సకు ఆదిపురుషులలో ఒకడుగా పేరొందెను. నాలుక మీద పుట్టకురుపు లేచినప్పుడు దవడ క్రిందుగా కోత పెట్టి, అచ్చటి బిళ్లలతో కూడ దానిని తీయు పద్ధతిని 1880లో కోకరుగారే చెప్పిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరమున నిప్పు కొనను నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగు మన తల్లులు ఈ మాట కొంచెము ఆలోచింపవలెను. నోటిలో పుండు మూడు వారములలో మానని యెడల, మెడలో క్రొత్త గడ్డ కనబడిన యెడల, నూనెలు పూసి వాతలు పెట్టుచు కాలము గడపక ఆసుపత్రికి పొండి.

1909లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. శస్త్రవైద్యులలో ఆ బహుమానము మొదట పొందినవాడు ఆయనయే. ఆ సొమ్మును బెర్నులో పరిశోధనాలయము స్థాపించుటకు ఉపయోగించెను. అప్పటికి ఆయన రోగులలో మరణములు రెండు వందలకు ఒకటికన్న తక్కువకు దిగెను. రాజుల యింటివారును పేదలును ఆయన వాకిట కూర్చుండిరి. 1913లో రష్యా దేశపు లెనినుగారు తన భార్యను వెంటబెట్టుకొని వచ్చెను. ఆమెకు థైరాయిడు మితిమీరి పనిచేయుచుండెను. దేవుడు లేడనువాని భార్యకు దేవుని భక్తుడు ఆపరేషను చేసెను. ఆమె 1939 వరకు జీవించెను.

అయితే వేలకొలది మెడలు కోయుటకన్న గడ్డ పుట్టకుండ చేయుటే మేలు గదా. స్విట్జర్లాండులో 1922 మొదలు ఉప్పులో రవ్వంత అయొడిను కలుపసాగిరి. తరువాతి తరములో గళగండమును బుద్ధిమాంద్యమును క్రమముగా మాయమాయెను. కోకరుగారు దానిని చూడలేదు. మన దేశములో ఈ సంగతిని ఋజువు చేసినవాడు తెలుగువాడే. శ్రీకాకుళములో 1921లో పుట్టి, విశాఖపట్టణములో వైద్యము చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు 1956లో హిమాలయముల దాపున కాంగ్రా లోయలో పని ఆరంభించిరి. ఆ లోయను మూడు భాగములు చేసి, రెంటికి అయొడిను ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును ఇప్పించిరి. కొన్ని యేండ్లకు ఆ రెండు భాగములలో పిల్లల గడ్డలు తగ్గెను. అప్పుడు మూడవ భాగమునకును అదే ఉప్పు ఇచ్చిరి. 1962లో భారత ప్రభుత్వము గళగండ నివారణ పథకమును ఆరంభించెను. ఎలీషా యెరికో ఊటలో ఉప్పు వేసిన సంగతి, రాజుల రెండవ గ్రంథము 2వ అధ్యాయములో, ఇంటివద్ద చదివి చూడుడి. మీ అంగడిలో ఉప్పు కొనునప్పుడు సంచి మీద అయొడిను అని వ్రాసి యున్నదో లేదో పిల్లలచేత చదివించుడి.

కోకరుగారు 1917 వరకు పనిచేయుచునే యుండెను. ఆ యేడు స్విట్జర్లాండు వైద్యుల యెదుట ఆయన తన జీవితకాలపు లెక్క అప్పగించెను. ఆయన ఆసుపత్రిలో ఏడు వేల గళగండపు ఆపరేషనులు జరిగెను. వానిలో అయిదు వేలకు పైగా ఆయన చేతిమీదుగానే జరిగెను. జూలై 23 రాత్రి, తడవు చేయరాని రోగి వచ్చెనని కబురు రాగా, డెబ్బది యైదేండ్ల ఆ వృద్ధుడు లేచి పోయి ఆపరేషను చేసెను. ఇంటికి వచ్చిన తరువాత ఒంట్లో బాగుండక పండుకొనెను. పడక మీదను వ్రాతపని విడువలేదు. పిమ్మట స్మృతి తప్పెను. జూలై 27న బెర్నులోనే ప్రభువునందు నిద్రించెను.